ఆటలో అరటిపండు ఎవరు?

ఐదేళ్ల మనవరాలు, డెబ్భై దాటిన మామ్మ ఒకే చాప మీద కూర్చుని, ఎవరూ ఎవరికీ జాలిపడి గెలుపు వదిలెయ్యకుండా ఆడుకోగలిగే ఆటలేవి? కోనసీమ ఇళ్ల గచ్చుల మీద గీసుకున్న గళ్ల నుంచి అంగట్లో దొరికే రంగుల పెట్టెల దాకా ఓ వెతుకులాట.

మొన్న శ్రావణంలో పట్టిన ముసురు మూడు రోజులు వదల్లేదు. అమలాపురంలో మా వీధంతా నీళ్లు. బడికి సెలవు. కరెంటు వస్తూ పోతూ ఉంది. హైదరాబాదు నుంచి మా బావమరిది పంపిన ఆటపెట్టె ఆ పూటే విప్పాం. పెట్టె మీద ‘8+’ అని ఉంది. మా పెద్దాడికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి ఐదు. ‘పోన్లే, దాన్నీ కలుపుకుందాం’ అనుకున్నాం.

రూల్సు పుస్తకం పన్నెండు పేజీలు. నేను చదువుతుంటే పెద్దాడు చెవులు రిక్కించాడు. మా ఆవిడ మధ్యలో లేచి పొయ్యి మీద పాలు చూసొచ్చింది. మా అమ్మ రెండో పేజీకే జపమాల చేతిలోకి తీసుకుంది. చిన్నది చెక్కబిళ్లలన్నీ రంగుల వారీగా పేర్చి కొట్టు పెట్టేసి, ‘కిలో పది రూపాయలండీ’ అని అమ్మకానికి దిగింది. ఎలాగోలా ఆట మొదలెట్టాం. దాని చేతికి పాచిక ఇచ్చి వెయ్యమన్నాం. దాని బిళ్ల ఎక్కడుందో ఎవరూ చూడటం లేదు. పావుగంటకి అదే కనిపెట్టి అడిగింది. పెద్దాడు తలెత్తకుండానే జవాబిచ్చాడు: ‘నువ్వు ఆటలో అరటిపండువే.’

‘అంటే ఏంటి నాన్నా?’

‘అంటే... నువ్వు ఎప్పటికీ ఔటవ్వవమ్మా.’

‘మరి గెలుస్తానా?’

నా దగ్గర జవాబు లేదు. రావులపాలెం మార్కెట్టుకి లారీల కొద్దీ అరటి గెలలు వచ్చే సీమలో పుట్టి, ‘ఆటలో అరటిపండు’ అన్న మాట చిన్నప్పట్నుంచీ వాడుతూ, అందులో ఇంత చేదుందని నాకు ఆ పూటే తెలిసింది. ఔటవ్వడు, గెలవడు, ఉన్నాడన్న మాటే గాని లెక్కలో లేడు.

మా అమ్మ జపమాల పక్కన పెట్టి లేచింది. దేవుడి గదిలో పాత ఇత్తడి ముంత దులిపి నాలుగు గవ్వలు తీసింది. ‘సుద్దముక్క తేరా పెద్దాడా’ అంది.

ఎవరి చేతిలో గెలుపు?

చిన్నపిల్లలున్న ఇంటికి ఆట కొనాలంటే మనం ముందు చూసేది పెట్టె మీద అచ్చేసిన వయసు. దానికీ ఓ పనుంది. మూడేళ్ల లోపు పిల్లలకి పనికిరాదన్న గుర్తు ఉంటే, లోపల నోట్లో పెట్టుకునేంత చిన్న ముక్కలున్నాయని అర్థం. మన గవ్వలకీ, చింతపిక్కలకీ అదే జాగ్రత్త. పాకే పిల్లలున్న ఇంట్లో ఆట అవగానే లెక్కపెట్టి ముంతలో వేసెయ్యాలి. అంతకు మించి ఆ అంకె చెప్పేది తక్కువ. రూల్సు ఏ వయసుకి బోధపడతాయో చెబుతుంది గాని, ఆ వయసువాడు నాన్న మీద గెలవగలడో లేదో చెప్పదు.

చూడాల్సింది ఇంకోటి ఉంది. గెలుపును ఏది తేలుస్తుంది? గవ్వా, చెయ్యా, బుద్ధా? గవ్వ తేల్చే ఆటలో ఐదేళ్లూ డెబ్భై ఏళ్లూ సమానం. చెయ్యి తేల్చే ఆటలో ఒక్కోసారి చిన్నవేళ్లదే పైచెయ్యి. బుద్ధి తేల్చే ఆటలో పెద్దవాళ్లు గెలుస్తారు, లేదా ఓడిపోయినట్టు నటిస్తారు. ఆ నటన పిల్లలకి ఇట్టే దొరికిపోతుంది. మా చిన్నది నాలుగేళ్లప్పుడే వాళ్లమ్మని పట్టేసుకుంది: ‘నువ్వు కావాలనే తప్పు గడిలో పెట్టావు.’

అరటిపండు ఎప్పుడూ పిల్లలే కానక్కర్లేదు. ఇంగ్లీషు అక్షరాల చీటీలున్న ఆటలో మామ్మ అరటిపండు. పాచిక వెయ్యడం, జరపడం తప్ప ఇంకేమీ లేని ఆటలో అరగంటసేపు ఫోను చూసుకుంటూ కూర్చున్న నాన్న కూడా అరటిపండే. మంచి ఇంటి ఆటంటే ఆ చాప మీద ఒక్క అరటిపండు కూడా లేని ఆట. ఈ కొలత పట్టుకుని మనకు తెలిసిన ఆటలు ఒక్కొక్కటే చూద్దాం.

వైకుంఠపాళి: నాలుగేళ్ల లెక్కల మాస్టారు

పిల్లలకి చేతికి దొరికే మొదటి ఆట పాములు-నిచ్చెనలు. పాతవాళ్లకి ఇది వైకుంఠపాళి, పరమపద సోపానం. ముక్కోటి ఏకాదశికి, శివరాత్రికి జాగారం ఉన్న ఇళ్లలో పటం పరిచేవారు. నిచ్చెన అడుగున పుణ్యం పేరు, పాము తల దగ్గర పాపం పేరు. పెద్దపాము మింగిందంటే తెల్లారేదాకా ఎక్కినదంతా పోయినట్టే. ఈ ఆట 1890ల్లో ఇంగ్లండు అంగళ్లకెళ్లింది. 1943లో అమెరికాలో అడుగుపెట్టేసరికి పాములు కాస్తా పిల్లలు జారే జారుడుబల్లలయ్యాయి.

అమెరికాలో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే ఇద్దరు పరిశోధకులు 2008లో ఓ అధ్యయనం అచ్చు వేశారు. పేదింటి పిల్లలు చదివే పూర్వప్రాథమిక కేంద్రాల్లో 124 మంది చిన్నపిల్లలు. కొందరి చేత ఒకటి నుంచి పది దాకా అంకెలు వరసగా ఉన్న పటం మీద ఆడించారు, మిగతావారి చేత అంకెల్లేని రంగుల పటం మీద. రెండు వారాల్లో నాలుగుసార్లు, ఒక్కోసారి పావుగంట, ఇరవై నిమిషాలు. అంతే. అంకెల పటం మీద ఆడిన పిల్లలు లెక్కించడంలో, అంకెల్ని గుర్తుపట్టడంలో, ఏది పెద్దదో చెప్పడంలో ముందుకెళ్లారు. తొమ్మిది వారాల తర్వాత చూసినా ఆ తేడా నిలిచే ఉంది. రంగుల పటం వాళ్లలో ఆ మార్పు రాలేదు.

ఆ తర్వాతి పరిశోధనల్లో తేలిన చిట్కా ఒకటి ఇంటింటికీ పనికొస్తుంది. పిల్ల కాయ ఐదో గడిలో ఉంది, పాచిక రెండు పడింది. మనం అలవాటుగా ‘ఒకటి, రెండు’ అంటూ జరిపిస్తాం. అలా కాదు, గడిలో ఉన్న అంకె చదువుతూ ‘ఆరు, ఏడు’ అంటూ జరపాలి. అప్పుడే అంకెల వరస పిల్ల మనసులో దారిలా పరుచుకుంటుంది.

ఇది గవ్వ ఆట కాబట్టి చిన్నదానికి ఢోకా లేదు. విసుగొచ్చేది పెద్దవాళ్లకే, చేయడానికి పనేమీ ఉండదు గనక. మా ఇంట్లో చేసిన మార్పు ఒకటి చెబుతాను. మనిషికి ఒక కాయ బదులు రెండు కాయలిచ్చాం. ఎంత పడినా రెంటిలో ఏది నడపాలో ఆడేవాళ్ల ఇష్టం. ఆ ఒక్క మార్పుతో పటం మీద ఆలోచన మొదలైంది. నిచ్చెనకి రెండు గడుల దూరంలో ఉన్న కాయని ఆపుకోవడం, పాము నోటి ముందున్న దాన్ని దాటించడం చిన్నది రెండో ఆటకే పట్టేసింది. మా అమ్మ ఇంకో పని చేస్తుంది. ఎవరిని పాము మింగినా ‘ఏం పాపం చేశావు?’ అని అడుగుతుంది. చెప్పి తీరాలి. పెద్దాడు ఒప్పుకున్న పాపాల్లో సగం మాకు అంతకుముందు తెలియనివే.

అష్టాచెమ్మా: గవ్వకి చుట్టరికం లేదు

ముసురు పూట మా అమ్మ గచ్చు మీద గీసింది ఇదే. ఐదు నిలువు, ఐదు అడ్డం, మొత్తం ఇరవై అయిదు గడులు. నాలుగు అంచుల్లో మధ్య గడికి ఇంటూ గుర్తు, నట్టనడి గడికీ ఇంటూ గుర్తు. అంచు గుర్తులు నలుగురి ఇళ్లు. నడిమిది పండే చోటు. మనిషికి నాలుగు కాయలు: మామ్మవి చింతపిక్కలు, పెద్దాడివి విరిగిన సుద్దముక్కలు, మా ఆవిడవి గాజుపెంకులు, చిన్నదానివి బటానీలు.

నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. మిగతాది ఎన్ని వెల్లకిలా పడితే అంత. అష్టాకీ, చెమ్మకీ ఇంకో పందెం వస్తుంది. కాయ బయటి వరస పదహారు గడులూ ఒక దిక్కుగా చుట్టి, లోపలి ఎనిమిది గడులూ ఎదురు దిక్కుగా తిరిగి నడిమింట్లో పండాలి. అయితే ఎదుటివాళ్ల కాయని ఒక్కదాన్నైనా చంపితే గాని లోపలి వరసలోకి దారి లేదు. ఇంటూ గుర్తు మీదున్న కాయ జోలికి ఎవరూ రాకూడదు. కాయ ఇల్లు కదలాలంటే చెమ్మో అష్టానో పడాలని కొన్ని ఇళ్లలో రూలు. ఐదేళ్లవాళ్లతో ఆడేటప్పుడు దాన్ని ఎత్తెయ్యడమే మేలు. పావుగంటసేపు ఇంట్లోనే కూర్చున్న కాయని చూస్తే ఏ పిల్లకైనా ఏడుపొస్తుంది.

ఈ ఆటలో గొప్పంతా గవ్వకీ బుద్ధికీ కుదిరిన పాలులో ఉంది. పడేది గవ్వ ఇష్టం. నాలుగు కాయల్లో ఏది నడపాలన్నది మన ఇష్టం. చంపాలా, ఇంటూ గుర్తు చేరాలా, ఆగాలా? నాన్న లెక్కలు వేసుకుంటూ ఉండగానే కూతురికి అష్టా పడి అంతా తారుమారవుతుంది. గవ్వ ఎటైనా సమానంగా పడుతుందనుకుంటే నాలుగు గవ్వలు పడే తీరులు పదహారు. అందులో రెండు వచ్చేవి ఆరు, ఒకటి వచ్చేవి నాలుగు, మూడు వచ్చేవి నాలుగు, చెమ్మ ఒకటి, అష్టా ఒకటి. కానీ గవ్వ నాణెం కాదు. దాని వీపు వేరు, నోరు వేరు. ఒక్కో ఇంటి గవ్వలది ఒక్కో గుణం. మా పెద్దాడు నోటుపుస్తకంలో నూరు పందేలు గీతలు గీసి లెక్కపెట్టాడు. పదో తరగతిలో రాబోయే సంభావ్యత పాఠం వాడికి నాలుగో తరగతిలోనే ముంతలోంచి జారి పడింది.

గవ్వలు లేవా? అంతర్వేది తీర్థానికి వెళ్లినప్పుడు నాలుగు తెచ్చుకోండి. అందాకా చింతపిక్కలు నాలుగు తీసి, గరుకు రాయి మీద ఒక పక్క తెల్లగా తేలేదాకా అరగదీయండి; లేదా రెండింటిని నిలువునా చీల్చండి. నలుపో తెలుపో, వెల్లకిలో బోర్లో తెలిస్తే చాలు. 2008లో వచ్చిన ‘అష్టా చమ్మా’ సినిమా ఈ ఆట పేరే పెట్టుకుంది. దాని కథలో ఊరు మన లక్కవరమే. సినిమా చూసిన పిల్లల్లో ఆట తెలిసినవాళ్లెందరో మీ ఇంట్లో ఓసారి అడిగి చూడండి.

గుంటలూ, పులులూ

పిల్లలకి ఆరేడేళ్లు వచ్చేసరికి గవ్వల్లేని ఆటలకి వెళ్లొచ్చు. వామనగుంటల పీటకి రెండు వరసల్లో ఏడేసి గుంటలు. పీట లేకపోతే పెరట్లో తడిమట్టిలో పద్నాలుగు గుంటలు తవ్వుకోవచ్చు, లేదా పద్నాలుగు కొబ్బరి చిప్పలు వరసగా పేర్చుకోవచ్చు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకి కూతవేటులో ఉండి చిప్పలకి కరువేంటి! మా ఇంట్లో గుంటకి అయిదు చింతపిక్కలు, మొత్తం డెబ్భై. ఒక గుంటలోవన్నీ తీసి వరసగా ఒక్కోటీ వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే పక్క గుంటలోవి తీసి మళ్లీ వెయ్యాలి. పక్క గుంట ఖాళీగా తగిలితే దాన్ని తుడిచి, ఆ తర్వాతి గుంటలో ఉన్నవన్నీ గెలుచుకోవాలి. ఇదే కుటుంబం ఆటలు తమిళనాట పల్లాంగుళి, ఆఫ్రికాలో ఒవారే, బావో. సముద్రాలకి అటూ ఇటూ గుంటల్లో గింజలు వేస్తూనే ఉన్నారు.

పేరుకి ఇది బుద్ధి ఆట. కానీ గుంట వెంట గుంట తీసుకుంటూ పోయే ఈ పరుగు ఎక్కడ ఆగుతుందో పెద్దవాళ్లకి కూడా అంత తేలిగ్గా తెలియదు. అందుకే రెండో తరగతి పిల్ల కూడా నిలబడగలుగుతుంది. మా అమ్మ మాత్రం పీట వంక ఓసారి చూసి ఎక్కడ ఆగుతుందో చెప్పేస్తుంది. ఎలా అంటే, ‘చూస్తే తెలియట్లా?’ అంటుంది.

పులి-మేక ఇంకో దారిలో సమానం చేస్తుంది. ఇరవై మూడు చుక్కల పటం, మూడు పులులు, పదిహేను మేకలు. మేకల్ని ఒక్కొక్కటే దించాలి. పులి మేక మీదుగా దూకితే అది పోయినట్టు. మేకలు గుమిగూడి మూడు పులుల్నీ కదలకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. హంపీ రాతి మండపాల నేల మీద ఈ పటాలు చెక్కి ఉన్నాయి. ఇద్దరి బలగాలూ మొదట్నుంచే వేరు కాబట్టి ఇందులో పెద్దా చిన్నా తేడా ఆటలోనే కలిసిపోతుంది. మేం నాన్నకి పులులిచ్చి, అన్నాచెల్లెళ్లిద్దరికీ కలిపి మేకలిస్తాం. ‘ఇక్కడ పెడితే తినేస్తాడు’, ‘వెనక ఇంకోటి ఉంది కదా, దూకలేడు’ అని గుసగుసలాడుకుంటూ వాళ్లు మేకలు దించుతుంటే, మిగతా రోజంతా రిమోటు కోసం కొట్టుకునేది వీళ్లేనా అనిపిస్తుంది.

అందరూ ఒకవైపు, వరద ఒకవైపు

నలుగురూ ఒకే జట్టుగా ఉండి, ఆటనే ఓడించే రకం కూడా ఉంది. జర్మనీలో 1986లో వచ్చిన పండ్లతోట ఆట దీనికి పేరున్న ఉదాహరణ. కాకి తోటలోకి రాకముందే పిల్లలంతా కలిసి పండ్లు కోసెయ్యాలి. గెలిస్తే అందరూ గెలిచినట్టే, ఓడితే అందరూ ఓడినట్టే. మూడు నాలుగేళ్ల పిల్లలకి, ఓటమి అంటేనే భోరుమనే పిల్లలకి ఇంతకంటే మంచి మొదలు లేదు.

ఈ ఆటను మనకి తగ్గట్టు ఇంట్లోనే చేసుకోవచ్చు. గౌతమికీ వసిష్ఠకీ మధ్య పుట్టిన పిల్లలకి కాకి కంటే గోదారి బాగా తెలుసు. ఓ అట్ట మీద నాలుగు కొబ్బరిచెట్లు గీయండి. చెట్టుకి నాలుగేసి చింతపిక్కలు కాయలుగా పెట్టండి. అట్ట అడుగున గోదారి, అక్కణ్ణుంచి చెట్ల మొదలు దాకా ఆరు మెట్లు. మామూలు పాచిక వెయ్యండి. ఒకటి నుంచి నాలుగు దాకా పడితే ఆ నంబరు చెట్టు నుంచి ఓ కాయ దించాలి. ఐదు పడితే ఏ చెట్టుదైనా సరే. ఆరు పడితే నీళ్లు ఒక మెట్టు ఎక్కుతాయి. పదహారు కాయలూ దించేలోపు ఆరో మెట్టు మునిగితే అందరం ఓడినట్టు. మరీ తొందరగా మునిగిపోతుంటే ఇంకో మెట్టు గీసుకోవచ్చు.

మెట్ల మీద ఏం రాయాలో మా పెద్దాడే చెప్పాడు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో బంధువులున్న ప్రతి ఇంట్లోనూ వానాకాలం ఈ అంకెలు వినపడుతూనే ఉంటాయి. ఇప్పుడు రెండో మెట్టు మొదటి హెచ్చరిక, నాలుగోది రెండోది, ఆరోది మూడోది. ఐదు పడినప్పుడు ఏ చెట్టుది దించాలన్న దాని మీదే ఇంట్లో చర్చంతా. ఎక్కువ కాయలున్న చెట్టుదే దించాలని చిన్నది మూడు ఆటల తర్వాత తనంతట తనే కనిపెట్టింది. ఖాళీ అయిన చెట్టు నంబరు పడితే ఆ పందెం దండగ కదా!

అంగట్లో పెట్టెలు

గడియారస్తంభం సెంటరులో ఏ ఫ్యాన్సీ షాపుకి వెళ్లినా లూడో, పాములు-నిచ్చెనలు ఒకే అట్టకి అటూ ఇటూ అచ్చేసినవి వంద లోపే దొరుకుతాయి. లూడో మన పచ్చీసుకి మనవడు; 1896లో ఇంగ్లండులో పేటెంటు తీసుకుని తిరిగొచ్చింది. ఇప్పుడది ఫోనులో ఉంది కదా అనొచ్చు. ఫోను పాచిక తనే దొర్లుతుంది, కాయ తనే నడుస్తుంది, లెక్క తనే వేస్తుంది. పిల్ల నేర్చుకోవాల్సిన పనులన్నీ ఫోనే చేసేస్తే దానికి మిగిలేది వేలితో నొక్కడమే.

చెయ్యి తేల్చే ఆటలు ఇంటింటికీ ఒకటైనా ఉండాలి. క్యారమ్ బోర్డు ఎలాగూ తెలిసిందే. చెక్కముక్కల గోపురంలోంచి ఒక్కోటీ లాగి పైన పెట్టే జెంగా 1983లో వచ్చింది. సన్నటి వేళ్లకి అది వెన్నతో పెట్టిన విద్య. బోర్లా పెట్టిన చీటీల్లో జతలు వెతికే ఆటలో మా చిన్నదాన్ని ఇంట్లో ఒక్కరం కూడా ఓడించలేకపోయాం. దానికి కొనాల్సింది కూడా ఏమీ లేదు; ఒకే పత్రిక రెండు కాపీలుంటే బొమ్మలు కత్తిరించి అట్టకి అంటించుకోవచ్చు.

ఏడేళ్ల దాకా రంగుల, అంకెల చీటీల ఊనో చాలు. అమెరికాలో ఓ క్షురకుడు 1971లో ఇంటివాళ్ల కోసం తయారుచేసుకున్న ఆట అది. ఎనిమిదేళ్లు దాటాక పటం మీద రైలు మార్గాలు వేసే ‘టికెట్ టు రైడ్’ లాంటివి బావుంటాయి. 2004లో వచ్చిన ఈ ఆటకి భారతదేశం పటంతోనూ ఓ రూపం ఉంది. కోటిపల్లి–నర్సాపురం లైను 2000-01లో మంజూరైనా అమలాపురంలో ఇంకా రైలు కూత వినపడలేదు. కాబట్టి మన పిల్లలు రైలు పట్టాలు ముందు అట్ట మీద వేసుకుంటే ఎవరూ తప్పుపట్టరు. అయితే ఇలాంటి పెట్టె వేలల్లో ఉంటుంది. కొనేముందు ఎవరింట్లోనైనా ఓసారి ఆడి చూడటం మంచిది.

నేను చిన్నపిల్లల ఇంటికి చెప్పని ఆట ఒక్కటే: బిజినెస్. దీని తాత మోనోపలీ 1935లో వచ్చింది. దానికీ ముత్తాతని లిజీ మాగీ అనే ఆవిడ 1904లో పేటెంటు చేయించింది. భూములన్నీ ఒక్కడి చేతిలో పడితే మిగతావాళ్ల గతేంటో చూపించాలని ఆవిడ ఉద్దేశం. ఆ పాఠం ఆటలో ఇప్పటికీ బాగానే వస్తుంది. దివాళా తీసిన ఆరేళ్లవాడు, మిగతావాళ్లు ఇంకో గంట ఆడుతుంటే పక్కన కూర్చుని చూస్తూ ఉంటాడు.

‘గవ్వలు పడితే జూదమే!’

చాలా ఇళ్లలో గవ్వల ముంత అటకెక్కడానికి కారణం ఫోను ఒక్కటే కాదు. ‘గవ్వలు చేతబడితే కొంప గుల్లవుతుంది’ అన్న పెద్దల కోపం కూడా ఉంది. అది ఊరికే వచ్చిన కోపం కాదు. సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల బరి పక్కనే గుండాట బల్లలు వేసే సీమ ఇది. ఇల్లూ పొలమూ పోగొట్టుకున్నవాళ్ల కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. పులి-మేకకి కూడా పులిజూదం అనే పేరుంది మరి.

కానీ చెడగొట్టేది గవ్వ కాదు, పక్కన పెట్టే డబ్బు. మా తాతగారు బతికుండగా మా ఇంటి వీధరుగు మీద ఒకటే రూలు: పందెం కాయాలంటే చింతపిక్కలే, రూపాయి కనిపించిందా ఆట ఎత్తేయడమే. ఆ రూలు ఇవాళ్టికీ చాలు. చాక్లెట్టు కూడా వద్దు. గెలిచినవాడికి ఏదో ఒకటి దక్కుతుందని పిల్ల మనసులో పడితే ఆట అక్కడితో సరి.

ఇక ఏడుపు సంగతి. పిల్ల ఏడుస్తుందని మనం లోపాయికారీగా ఓడిపోతే, ఏదో ఒక రోజు దొరికిపోతాం. అప్పట్నుంచి దాని నిజమైన గెలుపుకి కూడా విలువ ఉండదు. సాయం చేయాలనుంటే ఆట మొదలవకముందే అందరి ఎదుటా చెప్పి చేయాలి: ‘నీకు కాయ చచ్చినా ఒకసారి మాఫీ’, ‘నాన్నకి మూడు కాయలే’, ‘మామ్మ నువ్వూ ఒక జట్టు’. చాటున ఇచ్చేది జాలి. ముందే చెప్పి ఇచ్చేది రూలు. పిల్ల గెలిచే కొద్దీ ఆ రూలు ఒక్కో మెట్టూ తగ్గించుకుంటూ రావాలి.

కొనేముందు నాలుగు మాటలు

ఒక ఆట అరగంటలో ముగుస్తుందా? ఐదేళ్లవాళ్లకి ఇరవై నిమిషాలు చాలు. నలుగురు ఆడితే తన వంతు మళ్లీ నిమిషంలోపు వస్తుందా? మధ్యలో ఎవరైనా ఔటై పక్కన కూర్చోవాలా? మామ్మా తాతగారూ చదవలేని భాష చీటీల మీద ఉందా? ఈ నాలుగూ చూశాక, 2021 జనవరి నుంచి పిల్లల ఆటవస్తువుల మీద ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అని గుర్తుంచుకుని పెట్టె తిప్పి చూడండి. అన్నీ కుదిరితే కొనండి. కుదరకపోతే సుద్దముక్క రూపాయి.

ముసురు నాలుగో రోజుకి వెలిసింది. ఎర్రనీళ్లు తీశాయి, బడి తెరిచారు. అయినా సాయంత్రమయ్యేసరికి గచ్చు మీద గళ్లు కొత్తగా పడుతూనే ఉన్నాయి. ఓ రోజు చిన్నదాని ఆఖరి బటానీ ఇంటూ గుర్తుకి ఒక్క గడి దూరంలో ఉంది. మామ్మకి రెండు పడింది. రెండు గడుల వెనక మామ్మ చింతపిక్క ఉంది. మా అమ్మ ఒక్క క్షణం ఆగి, చెయ్యి ఇంకో కాయ మీదికి పోనిచ్చింది.

‘మామ్మా, అది కాదు. ఇది నడుపు. నన్ను చంపు.’

‘ఏడుస్తావేమోనే.’

‘ఏడుస్తాను. అయినా చంపు.’

మా అమ్మ చంపింది. అది నిజంగానే ఏడ్చింది. ఏడుస్తూనే బటానీని తీసి తన ఇంట్లో పెట్టుకుంది. తర్వాత ముక్కు తుడుచుకుని, గవ్వల కోసం చెయ్యి చాపింది.